కోలాటము: జతకూడి యాడు నాట్యమునకు తొలిపాఠములు



ఆటపాటలు పెండ్లికాని పిల్లలకే తగినవనియు, సంసారభారము మీదబడిన పిదప స్త్రీకి వానితో పనిలేదనియు మన యిండ్లలో నొక యభిప్రాయము వేరూనియున్నది. పదునాఱేండ్ల పిల్ల యాడినచో ముచ్చట. ముప్పదియాఱేండ్ల యిల్లాలాడినచో వింత. ఏబదియాఱేండ్ల యత్తగారాడినచో నవ్వులాట. ఈ యభిప్రాయము మన పూర్వులనుండి వచ్చినదని పలువురు తలంచుచున్నారు. మన యోరుగంటి చరిత్రను విచారించినచో నది నిజము కాదని తెలియగలదు. జతకూడి యాడు నాట్యమును స్త్రీ యే వయస్సుననైనను మొదటినుండి నేర్చుకొనవచ్చును. ఎట్లు నేర్చుకొనవలయునో, దానివలన నేమి లాభమో మనవిచేయుటకే యీ వ్యాసము.

జతనాట్యమన నేమి?

ఒక్కతె నిలిచి యాడు నాట్యము ఒక విధము. పదుగురు కలసి యాడినను ఎవరి యడుగు వారిదే యైనది మఱియొక విధము. మన బతుకమ్మ యాట యీ రెండవ తెగలోనిది. పూలపేర్పును నడుమ నుంచి, చుట్టును తిరుగుచు, వంగి లేచి చప్పట్లు చఱచుదుము. ఒకరి చప్పట్లు తప్పినను ప్రక్కనున్న యామె కేమియు నష్టము లేదు. అందుచేతనే నిన్న కాపురమునకు వచ్చిన కోడలు సైతము రెండు చుట్లు తిరుగునప్పటికి దానిని పట్టుకొనును.

మూడవ విధము జతనాట్యము. కోలాటము ఈ తెగకు చేరినది. కోల యనగా కఱ్ఱ; కోలలతో నాడు ఆట గనుక కోలాటము. గుజరాతు స్త్రీలు దాండియా యని యాడునదియు దీనికి చెల్లెలే. ఇందు నా చేతిలోని కోల యెదుటియామె కోలను తాకినగాని దెబ్బ పూర్తికాదు. నేను ముందైనను తప్పే, వెనుకైనను తప్పే. నా యాటలో సగము నాయొద్ద లేదు. ఎదుటియామె యొద్ద నున్నది. ఈ యొక్క సంగతి మనస్సున నాటినచో మిగిలిన పాఠములన్నియు సులభములగును.

పూర్వచరిత్ర

స్త్రీలు మండలాకారముగ నిలిచి యాడు ఆటలను మన పూర్వగ్రంథములు పెక్కు తావుల వర్ణించినవి. భాగవత దశమస్కంధమున రాసక్రీడాఘట్టమును వినని వారెవరు? ఇద్దఱేసి గోపికల నడుమ నొక్కొక్క కృష్ణుడు నిలిచెనట. బమ్మెర పోతనామాత్యుడు తెనిగించిన యా ఘట్టమును భక్తితో ఆలకించు పెద్దలు, ఆ గోపికలు పొయ్యిమీది పాలను విడిచి వచ్చిన యిల్లాండ్రే యన్న మాటను మఱచుచుందురు.

పురాణమటుండనిండు. మన యూరి చరిత్రనే చూతము. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1199 మొదలు 1262 వఱకు ఓరుగల్లు రాజధానిగా రాజ్యమేలెను. ఆయన గజసైన్యమున కధిపతి జాయపసేనాని. జాయపుని తోబుట్టువులైన నారాంబ, పేరాంబలు గణపతిదేవుని రాణులు. యుద్ధమున ఏనుగులను నడపించు ఈ సేనాని 1253–54 ప్రాంతమున ‘నృత్తరత్నావళి’ యను సంస్కృతగ్రంథమును రచించెను. అందెనిమిది యధ్యాయములు. మొదటి నాలుగింట శాస్త్రోక్తమైన మార్గనాట్యమును, తక్కిన నాలుగింట జనులు తమ తమ దేశములయందు ఆడుకొను దేశినాట్యములను వివరించెను. పేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, కందుకనృత్యము మున్నగువానితోపాటు దండరాసకమునకు సైతము అందు చోటిచ్చెను. దండరాసకమనగా కోలలు పట్టి యాడు రాసకమే. జనులాడుకొను ఆటలు శాస్త్రమునకు తగవని జాయపుడు త్రోసివేయలేదు. సగము గ్రంథమును వానికే కేటాయించెను. ఈ గ్రంథమును వి. రాఘవన్ గారు పరిష్కరింపగా 1965లో మదరాసున ముద్రితమయ్యెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనిగించిరి.

ఆ కాలముననే, 1213లో, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్పగుడి 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడినది. ఆ గుడి శిల్పములలో నర్తకులును మద్దెలవాయించువారును గలరు. నటరాజ రామకృష్ణగారు ఆ శిల్పములను, జాయపుని గ్రంథమును కలిపి చదివి, మఱుగుపడిన పేరిణి నాట్యమును మఱల వెలికి తెచ్చిరి. దూరముగా హంపీలో మహానవమి దిబ్బ రాతి గోడలపై కోలలు పట్టి యాడు స్త్రీలు నేటికిని కనబడుదురు.

నేర్చుకొనుటను గూర్చి హంపీ కథ యొకటి మిక్కిలి ముచ్చటైనది. శ్రీకృష్ణదేవరాయల కాలమున, 1520 ప్రాంతమున, డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు విజయనగరమునకు వచ్చెను. రాచనగరులో స్త్రీలకు నాట్యము నేర్పు పొడవైన శాల నొకదానిని ఆతడు వర్ణించినాడు. ఆ శాలలోని పలకలపై ప్రతి నాట్యము ముగియునప్పటి నిలుకడను చూపు బొమ్మలు చెక్కియుండెనట. నేర్చుకొను స్త్రీ తన నిలుకడను మఱచినచో ఆ బొమ్మను చూచి జ్ఞప్తికి తెచ్చుకొనవలెనట. ఒక మూల చేతులతో పట్టుకొని వ్రేలాడుచు ఒడలిని సాగదీసి మెత్తపఱచుకొనుటకు ఒక చోటును గలదట. కాబట్టి మఱచుట నేటి మన దోషము మాత్రము కాదు. రాయల యంతఃపుర స్త్రీలును మఱచిరి. మఱచువారికై రాతిగోడలే పాఠపుస్తకములైనవి.

ఇల్లాలికి ఆట దూరమైన విధము

కొన్ని తరములుగా గుడులయందును కొలువులయందును నాట్యము ఒక కులమున పుట్టిన స్త్రీలకే వృత్తియై యుండెను. పందొమ్మిదవ శతాబ్దపు చివర వీరేశలింగం పంతులుగారు మొదలైన సంస్కర్తలు బోగముమేళములను ఖండించిరి. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీలుగ ఆడుపిల్లలను సమర్పించుట శాసనముచే నిషేధింపబడినది. పసిపిల్లల జీవితములను బలియిచ్చు ఆ యాచారము పోవలసినదే. అందు సందేహము లేదు. కాని దానితోపాటు నాట్యమే ఒక కళంకమను భావము గృహములయందు నిలిచిపోయెను. వృత్తిగా నాడినవారి జీవనము పోయినది. ఇంటనున్నవారి కాలికి సంకెల పడినది. 1935లో రుక్మిణీదేవిగారు అడయారున సభలో నాట్యమాడుట పెద్ద చర్చకు కారణమయ్యెను. పిమ్మట నాట్యము గౌరవకుటుంబములకు మఱల వచ్చినది గాని, ఆడుపిల్లల కొఱకే వచ్చినది. పెండ్లి వఱకు నేర్చుట, పెండ్లియైన పిదప గజ్జెలను పెట్టెలో పెట్టుట! కోలాట మొక్కటి పల్లెలయందు, భజనమందిరములయందు, పండుగలయందు నిలిచి స్త్రీని వయస్సడుగక పిలుచుచున్నది. ఆ పిలుపును పోగొట్టుకొనరాదు.

కోలలు, కట్టు

ఒక్కొక్కరికి రెండు కోలలు కావలెను. అడుగు మొదలు అడుగున్నర వఱకు పొడవును, బొటనవ్రేలి లావును గల గట్టి కఱ్ఱ మంచిది. పేళ్ళు లేచి గ్రుచ్చుకొనకుండ నునుపు చేయించుకొనవలెను. చివరల చిఱుగంటలు కట్టిన కోలలు చూడ ముచ్చటగ నుండునుగాని, నేర్చుకొను దినములలో వద్దు. తప్పు దెబ్బయు ఇంపుగ వినబడి మనలను మోసపుచ్చును. ఉత్త కఱ్ఱ అబద్ధమాడదు.

కోలను క్రిందినుండి మూడవవంతున పట్టుకొని, పైభాగముతో తాకింపవలెను. చివరకంటె లోపల తాకినచో వ్రేళ్ళు నలుగును. దెబ్బ మణికట్టునుండి రావలెనుగాని భుజమునుండి రాగూడదు. ఉంగరములు తీసి యుంచవలెను. మట్టిగాజులు గలవారు వానిని కొంచెము పైకి త్రోసి మెత్తని గుడ్డ చుట్టుకొన్నచో పగులవు. కుచ్చెళ్ళు చీలమండకు పైగా నుండవలెను. కొంగు నడుమునకు దోపవలెను. బండలపై కంటె మట్టినేలపై వట్టి కాళ్ళతో నాడుట మోకాళ్ళకు హితము. గర్భవతులును, మోకాళ్ళనొప్పి గలవారును కూర్చుండియే చేతిపాఠములన్నియు నేర్చుకొనవచ్చును.

మొదటి పాఠము: లెక్క

మొదట కోలలు ముట్టవలదు. ఇద్దఱు ఎదురెదురుగ కూర్చుండవలెను. ఒకటికి ఎవరి చప్పట్లు వారు. రెండునకు కుడి యఱచేయి ఎదుటియామె కుడి యఱచేతికి. మూడునకు మఱల ఎవరి చప్పట్లు వారు. నాలుగునకు ఎడమచేయి ఎడమచేతికి. మనమెల్లరము చిన్ననాట ఆడిన చప్పట్లాటయే యిది. ‘తకధిమి’ యని యిద్దఱును పైకి చెప్పుచు చేయవలెను. ఎదుటియామె కంఠము మీకు వినబడుచున్నంతవఱకు మీరు సరిగా నున్నారు. మీ కంఠమే మీకు వినబడినచో మీరు తొందరపడుచున్నారని యెఱుగుడు. క్రొత్తగా నేర్చుకొనువారి దోషము ఆలస్యము కాదు, తొందర. వేగము తనంతట వచ్చును. దానిని పిలువ నక్కఱలేదు.

రెండవ పాఠము: కోలల దెబ్బ

ఈ నాలుగు దెబ్బలనే కోలలతో చేయవలెను. ఎదురెదురుగ నిలుచుటచేత కుడికోల కుడికోలను ఏటవాలుగ కలియును. ఱొమ్ముకు సమానమైన యెత్తున తాకింపవలెను. ముఖము దాపునకు రానీయరాదు. చూపు కోలపై గాక ఎదుటియామె ముఖముపై నుండవలెను. కోలనే చూచువారు దెబ్బ వచ్చిన పిదప మేల్కొందురు. ముఖము చూచువారికి ఆమె యూపిరితోనే దెబ్బ వచ్చు వేళ తెలియును.

మూడవ పాఠము: అడుగు

మఱల కోలలు ప్రక్కన పెట్టుడు. ఒక్కొక్క లెక్కకు ఒక్కొక్క యడుగు: కుడి, ఎడమ, కుడి, ఎడమ. మొదట నిలిచిన చోటనే. పిదప రెండు ముందుకు, రెండు వెనుకకు. మోకాలు కొంచెము సడలియుండవలెను, నేలను బాదరాదు. కాలికి లెక్క యలవడిన దినమున చేతిని కలుపవలెను. కలిపిన వెంటనే రెండును చెడును! ఇది యెల్లవారికి జరుగునదే. అప్పుడొక్క సూత్రము: చేయి తప్పినచో చేయి నాపుము, కాలు నాపకుము. అడుగు సాగుచుండగా మఱల ‘ఒకటి’ వచ్చువఱకు ఓపికపట్టి అందు ప్రవేశింపవలెను. ఆ లోపల ఎదుటియామె ఏమి చేయవలెను? నవ్వరాదు, నిలువరాదు, సరిదిద్దరాదు. తన లెక్కను తాను పైకి చెప్పుచు, కోలను ఎప్పటి తావున చాపి యుంచవలెను. తప్పినవారికి తిరిగివచ్చు తావు కదలకుండుటయే జత చేయు ఉపకారము.

నాలుగవ పాఠము: కోపు మార్చుట

కోలాటమున ఒక్కొక్క దెబ్బల వరుసకు కోపు అని పేరు. నాలుగు దెబ్బల కోపు వచ్చిన పిదప మూడు దెబ్బలది నేర్వవలెను: తమ కోలలు, కుడి, ఎడమ. దీనికి ‘తకిట’ లెక్క. పాట నడక నాలుగైనచో మొదటి కోపు, మూడైనచో రెండవది. పాట ననుసరించి కోపు మార్చుటయే కోలాటమున నేర్పరితనమునకు మొదటి మెట్టు.

ఐదవ పాఠము: జత మాఱుట

ఇప్పుడు రెండు వలయములుగ నిలువవలెను. లోవరుసవారు వెలుపలికి, వెలివరుసవారు లోపలికి తిరిగి యెదురెదురుగ నుందురు. నాలుగు దెబ్బల కోపును నాలుగు మాఱులు ఆడిన పిదప లోవరుస నిలిచియుండగా, వెలివరుసవారు నాలుగు లెక్కలలో తమ కుడిప్రక్కకు ఒక్క స్థానము జరుగుదురు. ప్రతివారికిని క్రొత్త జత వచ్చును. ఎనిమిది జతలున్నచో ఎనిమిదవ మార్పునకు మొదటి జత మఱల ఎదుటికి వచ్చును.

కోలాటమునకు హృదయము ఈ పాఠముననే యున్నది. ఒకరితో నాడుట యలవాటు. ఎల్లవారితో నాడుట విద్య. ఒకామె దెబ్బ బరువు, ఒకామెది తేలిక. ఒకామె పొడగరి, ఒకామె పొట్టి. ప్రతి మార్పునకు మన చేతిని మార్చుకొనవలెను. ఇంటిలో ముఖాముఖి నిలిచి మాటాడుటకు జంకు కోడలును అత్తగారును ఈ వలయమున ఎదురుపడక తప్పదు. హనుమకొండలో ఒక వాడకట్టున నేర్చుకొనుచున్న స్త్రీలలో ఒక పెద్దామె “నా చేతికి రాదు బిడ్డా” యని కోలలు దింపబోగా, ఎదుటనున్న కోడలు “వస్తది అత్తమ్మా, నేను ఆగుత, తొందర పడకుండ్రి” అన్నది. ఆ కోడలికి అత్తగారు వంట నేర్పునప్పుడు ఈ మాటనే యనియుండిన ఎంత బాగుండునని అక్కడివారందఱు నవ్విరి, అత్తగారును నవ్వినది.

ఆఱవ పాఠము: జడ కోలాటము

పైనుండి వ్రేలాడు రంగుత్రాళ్ళ కొనలను ఒక్కొక్కరు ఒక చేత పట్టుకొని, సగముమంది ఒక దిక్కునకు, సగముమంది ఎదురు దిక్కునకు, ఒకరిని లోపలనుండి, ఒకరిని వెలుపలనుండి దాటుచు పోయినచో త్రాళ్ళు జడవలె అల్లుకొనును. జట్టులో సరిసంఖ్య యుండవలెను. అల్లుటకంటె విప్పుట కష్టము. వచ్చిన దారినే, వచ్చిన వరుసనే, అందఱును వెనుకకు నడువవలెను. ఒక్కరు దారి మఱచినను ముడి పడును. ఆ ముడిని లాగి విప్పలేము, అందఱును ఆగి ఆ యొక్కరిని తిరిగి తెచ్చుకొనవలెను. తొలిపాఠములు గట్టిపడనిదే దీనికి పోరాదు.

పరదేశమున ఒక నిదర్శనము

జతనాట్యము మనకు మాత్రమే సొత్తు కాదు. అమెరికాలో న్యూయార్కు నగరమున హార్లెము అను పేటలో నల్లజాతివారు స్వింగ్ అను సంగీతమునకు లిండీహాప్ అను జతనాట్యమును కల్పించిరి. అక్కడి సవాయ్ నాట్యశాల 1926లో తెఱవబడి 1958లో మూతపడెను. నల్లవారును తెల్లవారును ఒక్క చోట కూర్చుండుటయే అరుదైన ఆ దినములలో ఆ శాలలో ఉభయులు ఒక్క నేలపై నాడిరి. ఆ నాట్యమునకు ఎనిమిది లెక్కల యడుగును, ఆఱు లెక్కల యడుగును మూలములు. అందొకరు నడిపింతురు, ఒకరు అనుసరింతురు. చేతి మెత్తని లాగుటయే వారికి భాష. మన కోలాటమున నడిపించువారు లేరు, లెక్కయే ఇద్దఱిని నడిపించును. భేదమెట్లున్నను తొలిపాఠ మొక్కటే: ఎదుటివారిని త్రోయరాదు, వినవలెను.

ఆ నాట్యమున పేరుపొందిన ఫ్రాంకీ మానింగ్ (1914–2009) అనునాతడు, కాలము మాఱి ఆ నాట్యము వెనుకబడగా, తపాలాశాఖలో ఉద్యోగము చేసికొనుచు సుమారు ముప్పదియేండ్లు గడపెను. 1986లో నేర్చుకొనగోరినవారు ఆతనిని వెదకికొని వచ్చిరి. డెబ్బదియేండ్లు దాటిన యాతడు మఱల నేర్ప నారంభించి, దేశదేశములు తిరిగి తుదివఱకు నేర్పెను. ఆతనితో నాడిన నార్మా మిల్లర్ అను స్త్రీయు 1919లో పుట్టి 2019 వఱకు జీవించి, వృద్ధాప్యమునను ఆ విద్యను విడువలేదు. ముప్పదియేండ్లు విడిచిన విద్య మఱల కాలికి వచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఆక్షేపణములు

“సిగ్గుగా నున్నది” యందురు. పదుగురి యెదుట ఆడుటకు సిగ్గైనచో మొదట చూచువారు లేని చోట నాడుడు. వలయమున అందఱును ఆడువారే యైనప్పుడు చూచువారెవరు? “తీరిక లేదు” అందురు. దినమున కఱగంట చాలును. “వయస్సు మీఱినది” యందురు. పైన జెప్పిన పాఠములలో పరుగు లేదు, గెంతు లేదు. ఉన్నది లెక్కయు నోపికయు. ఈ రెండును చిన్నవారికంటె సంసారము నడపిన యిల్లాలి యొద్దనే మెండు.

మఱియొక మాట చెప్పక తప్పదు. భర్తను గోల్పోయిన సోదరిని పండుగ ముంగిటికి రానీయని యిండ్లు నేటికిని గలవు. తోటివారు పూలచుట్టు ఆడుచుండగా ఆమె తలుపు వెనుక నిలుచును. ఇది ధర్మమందుమా? కోలకు ముత్తైదువ యనియు కాదనియు భేదము తెలియదు. ఎదుట మఱియొక కోల యున్నదా లేదా యన్నదే దానికి తెలియును. జతకు ఒకరు తక్కువైనప్పుడు ఆట నిలిచిపోవును. ఆ తావునకు ఆమెను పిలువుడు. నోటితో నెన్నియో ఓదార్పులు చెప్పుటకంటె చేతికి కోల నిచ్చుట మేలు.

2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగయైనది. హనుమకొండ పద్మాక్షిగుట్ట యొద్ద వేలకొలది స్త్రీలు చేరుదురు. మంచిదే. కాని పెక్కు చోట్ల డీజే పెట్టెల హోరులో పాడువారి పాట వినబడదు, కోల దెబ్బ అసలే వినబడదు. దెబ్బ వినబడని కోలాటమున జత యెదుట నున్నను లేనట్లే. కనుక మన వాడకట్టులో నైనను ఒక గంటసేపు ఆ పెట్టెలను కట్టించి, మన కంఠములతో పాడుకొని, మన కోలల చప్పుడును మనము వినుట అవసరము.

శ్రావణమాసమున పేరంటములకు ఎట్లును కూడుదుము. తాంబూలము లందుకొని వెంటనే లేచిపోక, అఱగంట నిలిచి చప్పట్ల లెక్కతో మొదలుపెట్టుడు. భాద్రపద బహుళ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మ వచ్చులోపల సుమారు రెండు మాసముల వ్యవధి యున్నది. నాలుగు జతలు చాలును. జాయపసేనాని తన గ్రంథమున భద్రపఱచిన యాట ఓరుగంటి ముంగిళ్ళలో నిలుచుటకు రాజులును సేనానులును ఇప్పుడు రానక్కఱలేదు. ఇద్దఱు స్త్రీలు ఎదురెదురుగ నిలిచి, ఒకరికొఱకొకరు ఒక్క లెక్క ఆగినచో చాలును.